అన్నీ వయసు మీదకు నెట్టేస్తే ఎలా?

"వయసైపోయింది కదమ్మా, ఇంకేం చేస్తాం!" ఈ ఒక్క మాటతో మన ఇళ్లల్లో ఎన్ని జబ్బులు పైకి రాకుండా ఉండిపోతున్నాయో! జుట్టు నెరవడం, నలభై నాటికి చత్వారం రావడం వయసే, ఒప్పుకుందాం. (సూదిలో దారం ఎక్కించడానికి నాకూ ఈమధ్య పిల్లల సాయం కావాల్సొస్తోంది లెండి.) కానీ శుక్లాలు ఆపరేషన్‌తో పోతాయి. నీటికాసుల్ని పట్టించుకోకపోతే పోయిన చూపు ఇక తిరిగిరాదు. రెండిటినీ 'వయసు' అనేస్తే ఎలా? కంటివెలుగు రెండో విడత 2023 జనవరి 18న మొదలైంది మన ఖమ్మంలోనే. ఆ తర్వాత అద్దాలు పెట్టుకుని బియ్యంలో రాళ్లు తామే ఏరుకున్న అవ్వల్ని మా ఊళ్లో చూశాను.

అన్నిటికన్నా ఎక్కువగా వయసు ఖాతాలో పడేది మతి తప్పడం. మాది భద్రాచలం దాటాక దుమ్ముగూడెం దారిలో అడవి అంచు ఊరు. తునికాకు కోసే రోజులు, మండే ఎండలు. డెబ్భై నాలుగేళ్ల మా అత్తయ్య ఓ సాయంత్రం బిందె తీసుకుని "బావి కాడికి పోయొస్త" అన్నారు. ఆ బావి పూడ్చేసి ఇరవై ఏళ్లు! మా వారిని ఎప్పుడో పోయిన తన తమ్ముడి పేరుతో పిలిచారు. రాత్రంతా నిద్ర లేదు, తెల్లారాక ఒకటే మగత. చుట్టాలొచ్చి చాదస్తం ముదిరిందన్నారు, గాలి సోకింది తాయెత్తు కట్టించమన్నారు. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. మూడు రోజుల కిందటే పింఛను డబ్బులు లెక్కపెట్టి, పది రూపాయలు తగ్గాయని నిలదీసిన మనిషి! మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది. సోమవారం బాగున్న మనిషికి గురువారానికి రాదు.

మా వైపు ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు మలేరియా పరీక్షే. అది సబబే, మలేరియా మెదడుకెక్కినా మతి తప్పుతుంది మరి. వేలి మీద పొడిచి చూస్తే లేదని తేలింది. ఒళ్లు వేడిగా లేదు, జబ్బేమీ లేదని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. భద్రాచలంలో డాక్టరమ్మ మాత్రం ఒకటే అడిగారు: "నీళ్లు ఎన్నిసార్లు తాగుతున్నారు? మూత్రానికి ఎన్నిసార్లు వెళ్తున్నారు?" పరీక్షలో మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలింది, ఒంట్లో నీరూ తగ్గిందట. సెలైన్ పెట్టి, మందులిచ్చారు. నాలుగో రోజున "నా ముంతలో మామిడి ఒరుగులెవరు తిన్నరే?" అంటూ లేచి కూర్చున్నారు.

నీళ్లెందుకు తగ్గించారో తర్వాత నాతో మెల్లగా చెప్పారు. "రాత్రి లేస్తే మోకాళ్లు పట్టేస్తయి అమ్మాయ్. చీకట్ల దొడ్లోకి పోవాలంటే పడతానేమోనని భయం. సందేళ నుంచి నీళ్లు మానేసిన." కొడుకుతో చెప్పుకోగలిగే మాట కాదు కదా! చూశారా, మోకాలి నొప్పి ఎక్కడికి తీసుకుపోయిందో! దానికి తోడు పెద్దవయసులో దాహం సరిగా తెలియదు. మూత్రపిండాలకు నీటిని పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. బి.పి.కి వాడే కొన్ని మాత్రలు ఉన్న నీటినీ లాగేస్తాయి. ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం పైకి కనిపించకపోవచ్చు. మతి తప్పడమే జ్వరం అనుకోవాలన్నమాట!

ఇప్పుడు అత్తయ్య మంచం పక్కనే కమోడు కుర్చీ వేశాం, రాత్రంతా చిన్న బల్బు వెలుగుతుంది. అడక్కుండానే గంటకోసారి అర గ్లాసు నీళ్లో మజ్జిగో చేతికిస్తాం. (గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్నే అడగాలి.) దుకాణంలో కొనే నొప్పి మాత్రలు ఆపేశాం. అవి కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి.

గుండెపోటు కూడా ఇలాగే వేషం మార్చుకుని వస్తుంది. ఛాతీలో నొప్పి లేకుండా ఉత్త ఆయాసం, నీరసం కావచ్చు. మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా పక్షవాతమేమోనని గంట కూడా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. నాలుగున్నర గంటల్లోపయితేనే రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు అవకాశం. అడవి దారి, బండి దొరకడం అన్నీ ఆ లెక్కలోవే.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు తేడా ఏ రోజు నుంచి మొదలైందో కాగితం మీద రాసుకెళ్లండి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకోండి, ఎవరో ఇచ్చిన ఆకుమందుతో సహా.