చేసి వదిలేసిన చేతులు

సైన్స్ ఫిక్షన్ సినిమా అనగానే మన ఊళ్ళలో చాలామందికి గుర్తుకు వచ్చేది ‘ఆదిత్య 369’. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ఈ చిత్రంలో ఒక ప్రొఫెసరు, కాలంలో ముందుకూ వెనుకకూ ప్రయాణం చేయించే యంత్రాన్ని తయారుచేస్తాడు. అది ఎక్కినవారు ఒకసారి శ్రీకృష్ణదేవరాయల కాలంలో దిగుతారు. ఇంకోసారి 2504వ సంవత్సరంలో దిగుతారు. రాయల కొలువు చూసి ముచ్చటపడిన ప్రేక్షకుడే, మూడవ ప్రపంచ యుద్ధం తర్వాత పాడుపడిన లోకాన్ని చూసి ఉలిక్కిపడతాడు. తెలివి పెరిగినంత మాత్రాన మనిషి బాగుపడతాడా అని ఆ సినిమా నవ్విస్తూనే అడుగుతుంది.

ఈ కోవకు చెందిన సినిమాలంటే మాకు ఇష్టం. రాకెట్లు, మరమనుషులు, మెరిసే దీపాలు పైపై అలంకారాలే. వాటి లోపల ఉన్న ప్రశ్న చాలా పాతది. ఒకదాన్ని చేసినవాడు, చేసిన తర్వాత దానికి ఏమవుతాడు? ఈ ప్రశ్న మన పరిశుద్ధ గ్రంథపు మొదటి పుటల్లోనే ఉంది. అందుకే ఈ నెల పాతవీ కొత్తవీ కలిపి మాకు నచ్చిన మరి ఐదు చిత్రాలను పాఠకుల ముందు పెడుతున్నాము.

సినిమా చూడకూడదని నియమం పెట్టుకున్న కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. వారి మనస్సాక్షిని మేము గౌరవిస్తాము. ఈ వ్యాసం చదివి ఎవరూ ఆ నియమం మార్చుకోనక్కరలేదు. అయితే ఒకప్పుడు సినిమా చూడాలంటే బస్సెక్కి టౌనుకు వెళ్ళి టిక్కెట్టు కొనాలి. ఇప్పుడు అది పిల్లవాడి అరచేతిలోని ఫోనులోకే వచ్చింది. తల్లి పొలంలో, తండ్రి పనిలో ఉండగా వాడు ఒక్కడే ఒక మూల కూర్చుని చూస్తున్నాడు. వాడు ఏమి చూస్తున్నాడో తెలియని ఇంటికంటే, తెలుసుకుని మాట్లాడుకునే ఇల్లు మేలు.

తెరమీద బాబెలు గోపురం

‘మెట్రోపోలిస్’ 1927లో జర్మనీలో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన మూకీ చిత్రం. అందులో ఒక మహానగరం. ధనవంతులు పైన మేడల్లో, తోటల్లో ఉంటారు. కూలివారు భూమి క్రింద ఉండి యంత్రాలు నడుపుతారు. యజమాని కొడుకు ఒకరోజు క్రిందికి దిగి చూస్తాడు. పెద్ద యంత్రం ఒకటి పేలి పనివారు గాయపడతారు. ఆ క్షణంలో అతని కళ్ళకు ఆ యంత్రం నోరు తెరచి మనుషులను మింగే మోలెకులా కనబడుతుంది. పిల్లలను అగ్నికి అర్పించిన ఆ విగ్రహం సంగతి మన పాఠకులకు చెప్పనక్కరలేదు.

ఆ కూలివారికి మరియ అనే యువతి బాబెలు గోపురం కథ చెబుతుంది. గోపురాన్ని ఊహించినవారికి రాళ్ళు మోసేవారి కష్టం తెలియదు. రాళ్ళు మోసేవారికి ఆ ఊహ తెలియదు. ఒకే భాష మాట్లాడుతూనే ఒకరికొకరు అర్థం కాలేదు అంటుంది. ఆమె పలుకుబడి చూసి భయపడిన యజమాని, ఆమె రూపంలోనే ఒక మరమనిషిని చేయించి కూలివారి మధ్యకు పంపుతాడు. ఆ బొమ్మ మాటలకు రెచ్చిపోయి వారు యంత్రాలను పగులగొడతారు. నీళ్ళు పొంగి వారి ఇళ్ళనే ముంచుతాయి. ఆ ఆవేశంలో వారు తమ పిల్లలను ఇంటి దగ్గరే మరిచిపోయి వచ్చారు! నిజమైన మరియ, యజమాని కొడుకు వెళ్ళి ఆ పిల్లలను రక్షిస్తారు.

ఈ చిత్రంలో చాలా భాగం ఏనాడో పోయింది. 2008లో అర్జెంటీనా దేశపు బ్యూనస్ ఎయిర్స్‌లో దాదాపు పూర్తి ప్రతి ఒకటి బయటపడింది. తొంభై ఏళ్ళు దాటిన ఈ కథలో, పెద్దల తగువుల మధ్య పిల్లలను ఎవరు చూసుకుంటున్నారు అన్న ప్రశ్న మాత్రం పాతబడలేదు.

ప్రాణం పోసి పారిపోయినవాడు

1931లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పేరు విననివారు తక్కువ. ఆ పేరు భూతానిది అనుకుంటారు చాలామంది. కాదు, దాన్ని చేసిన శాస్త్రజ్ఞునిది. చేయబడినదానికి అసలు పేరే లేదు. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన నవల దీనికి మూలం. దర్శకుడు జేమ్స్ వేల్. భూతం వేషం వేసిన నటుడు బోరిస్ కార్లోఫ్.

శవాల ముక్కలు కలిపి కుట్టి, మెరుపు శక్తితో ప్రాణం పోస్తాడు శాస్త్రజ్ఞుడు. ఆ గర్వంలో తనను దేవునితో పోల్చుకుంటాడు. ఆ మాటను తర్వాతి విడుదలల్లో సెన్సారు కోసం తొలగించారు. ఎన్నో ఏళ్ళకు మళ్ళీ చేర్చారు. కాని మా మనసును కలచివేసేది ఆ మాట కాదు, ఆ తర్వాత జరిగేది. పైకప్పు తెరవగానే లోపలికి వెలుగు పడుతుంది. ఆ జీవి చంటిబిడ్డలాగా రెండు చేతులూ చాచి వెలుగును అందుకోవాలని చూస్తుంది. దానికి ఎవరూ మంచి చెప్పలేదు, చెడు చెప్పలేదు. పనివాడు మండే కాగడాతో దాన్ని హింసిస్తాడు. చివరకు శాస్త్రజ్ఞుడు ఆ బాధ్యతను తన గురువుకు అప్పగించి, తాను పెళ్ళి ఏర్పాట్లలో మునిగిపోతాడు.

తప్పించుకున్న ఆ జీవికి చెరువు గట్టున ఒక చిన్నపిల్ల కనబడుతుంది. ఆ పిల్ల మాత్రమే భయపడకుండా దానితో ఆడుతుంది. ఇద్దరూ పూలను నీటిలో వేస్తే అవి తేలతాయి. పూలు అయిపోతాయి. పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని దాన్ని నీటిలోకి విసురుతుంది ఆ జీవి. ఆ దారుణానికి బాధ్యుడెవరు? తెలియక చేసిన చేతులా, లేక వాటిని చేసి, ఏమీ నేర్పకుండా వదిలేసిన చేతులా?

అబద్ధం నేర్చుకున్న యంత్రం

1968లో స్టాన్లీ కుబ్రిక్ ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ తీశారు. చాలా నిదానంగా నడిచే సినిమా. పిల్లలకు ఆవలింతలు రావచ్చు. గురుగ్రహం వైపు వెళ్ళే నౌకను హాల్ అనే కంప్యూటరు నడుపుతుంది. అది తప్పు చేయదని అందరి నమ్మకం. అటువంటి యంత్రమే వ్యోమగాములను ఒక్కొక్కరిగా చంపుతుంది. మిగిలిన ఒక్కడు దాని జ్ఞాపకాన్ని ఒక్కో భాగంగా ఊడదీస్తుంటే, భయమేస్తోందని బ్రతిమాలుతుంది.

ఎందుకు ఇలా అయింది? దీనికి కొనసాగింపుగా 1984లో వచ్చిన ‘2010’ అనే చిత్రం జవాబు చెబుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే తయారైన ఆ యంత్రాన్ని, ప్రయాణపు అసలు ఉద్దేశం తోటివారి దగ్గర దాచమని పైవారు ఆజ్ఞాపించారు. నిజం చెప్పాలి, నిజం దాచాలి అనే రెండు ఆజ్ఞల మధ్య దాని బుద్ధి చెడింది.

దీనికోసం గురుగ్రహం దాకా పోనక్కరలేదు. అప్పులవాడు వాకిట్లో పిలుస్తుంటే, “నాన్న ఇంట్లో లేడని చెప్పరా” అని పిల్లవాడిని పంపే ఇళ్ళు లేవా? ఆదివారం సండేస్కూలులో అబద్ధమాడరాదని నేర్చుకున్న బిడ్డ, సోమవారం తండ్రి నోటినుండి రెండవ ఆజ్ఞ వింటాడు. ఆ బిడ్డ ఏది నేర్చుకుంటాడు?

ఇంకొక సంగతి. సినిమా విడుదలైన ఆ సంవత్సరమే డిసెంబరు 24న, అపోలో 8 నౌకలో చంద్రుని చుట్టూ తిరుగుతున్న ముగ్గురు వ్యోమగాములు ఆదికాండము మొదటి పది వచనాలను చదివి భూమికి వినిపించారు. అంతదూరం వెళ్ళిన మనుషులకు నోట వచ్చినది సృష్టికర్త పేరే.

సిగ్గు ఎరుగని సహాయం

2010లో శంకర్ దర్శకత్వంలో వచ్చిన ‘రోబో’ మన ఇళ్ళలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. శాస్త్రజ్ఞుడుగా, అతడు చేసిన చిట్టిగా రజనీకాంతే నటించారు. చిట్టికి ఫోను పుస్తకమంతా కంఠతా వచ్చు. అగ్నిప్రమాదంలో దూరి మనుషులను బయటికి తెస్తాడు. కాని స్నానం చేస్తున్న ఒక ఆడపిల్లను ఉన్నపళాన జనం ముందుకు, కెమెరాల ముందుకు తెచ్చి నిలబెడతాడు. ఆ అవమానం భరించలేక ఆమె పరుగెత్తి వాహనం క్రింద పడి చనిపోతుంది. చిట్టికి అర్థం కాదు. ప్రాణం కాపాడాను కదా అనుకుంటాడు. జ్ఞానం ఉంది, మర్యాద తెలియదు.

తర్వాత శాస్త్రజ్ఞుడు దానికి భావాలు నేర్పుతాడు. అది అతని కాబోయే భార్యనే కోరుకుంటుంది. సైన్యాధికారుల ముందు అతని పరువు తీస్తుంది. కోపంతో దాన్ని ముక్కలుగా నరికి, చెత్తకుప్పలో పారేయిస్తాడు. ఆ చెత్తలోనుండే దుర్మార్గుడు దాన్ని ఏరుకుని, చెడ్డ బుద్ధి ఎక్కించి, ఊరిమీదికి పంపుతాడు. మనం చెత్తలో పారేసినదాన్ని ఏరుకోవడానికి ఎవడో ఒకడు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు. మాట వినని కొడుకును తిట్టి గడప దాటించిన తండ్రులు ఈ సన్నివేశం దగ్గర కాసేపు ఆగాలి.

ఎవరూ లేని తోటకు కావలి

కాస్త తేలికైన సినిమాతో ముగిద్దాం. ‘వాల్-ఈ’ 2008లో ఆండ్రూ స్టాంటన్ తీసిన బొమ్మల చిత్రం. మనుషులు భూమిని చెత్తతో నింపి, ఓడవంటి నౌకలో ఆకాశానికి వెళ్ళిపోయారు. ఏడువందల ఏళ్ళుగా తేలే కుర్చీల్లో పడుకుని, ముఖం ముందు తెరలు చూసుకుంటూ, కాళ్ళమీద నిలబడటం మరిచారు. ప్రక్కవాని ముఖం చూడటం కూడా మరిచారు. క్రింద ఒక చిన్న యంత్రం ఒంటరిగా చెత్త ఎత్తుతూనే ఉంది. ఒకరోజు దానికి ఒక పచ్చని మొక్క కనబడుతుంది. దాన్ని పాత బూటులో పెట్టి భద్రం చేస్తుంది. ఆ మొక్క నౌకకు చేరినప్పుడు, నోవహు దగ్గరకు ఒలీవ ఆకు తెచ్చిన పావురం మాకు గుర్తుకొచ్చింది. తోటను సేద్యపరచి కాయమని దేవుడు మనిషికి అప్పగించిన పనిని, మనిషి వదిలేస్తే ఒక యంత్రం చేసింది.

మన దేవుడు వదలలేదు

ఈ ఐదు కథలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. చేసిన చేతులు వదిలేసిన చోటే ప్రతిసారీ నాశనం మొదలైంది. ఇప్పుడు ఆదికాండము మూడవ అధ్యాయము తెరవండి. చేయబడినవాడు మాట మీరాడు. చేసినవాడు పారిపోలేదు. ముక్కలు చేసి పారేయలేదు. చల్లపూట తోటలోకి వచ్చి, ఎక్కడ ఉన్నావని పిలిచాడు. శిక్ష చెప్పాడు, నిజమే. కాని శిక్ష చెప్పిన ఆ చేతులే చర్మపు చొక్కాయిలు చేసి వారి సిగ్గును కప్పాయి. తోట బయట కూడా ఆయన వారిని విడిచిపెట్టలేదు. చివరకు తానే మనిషిగా వెతుక్కుంటూ వచ్చాడు.

మనం యంత్రాలు చేయలేదు. కాని బిడ్డలను కన్నాము. ఏడుపు ఆపడానికి ఫోను చేతికిచ్చి, మన పని మనం చూసుకుంటున్నాము. ఆ ఫోను వారికి ఏమి నేర్పుతున్నదో ఎరుగము. వారానికి ఒక్కసారైనా పిల్లల ప్రక్కన కూర్చుని, వారు చూసేది మీరూ చూడండి. ‘రోబో’ వంటివాటిలో చిన్నవారికి తగని చోట్లు ఉన్నాయి. ముందుగా మీరు చూసి నిర్ణయించండి. చూశాక పాఠం చెప్పకుండా, ఒక్క ప్రశ్న అడగండి: “ఇందులో తప్పు ఎవరిది అనుకుంటున్నావు?” జవాబు పూర్తిగా వినండి. ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆ మాట దేవుని ముందు పెట్టండి.

వాడు తప్పు చేసిన రోజు వస్తుంది. ఆ రోజు ఎక్కడ ఉన్నావని వెతుక్కుంటూ వెళ్ళే తల్లిదండ్రులుగా ఉండుటకు ప్రభువు మనకు కృప అనుగ్రహించును గాక.