మామిడి పెట్టెకు చీటి, అంగడి పుటకు చీటి

బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. నేడు అంతర్జాలమున సొంత అంగడి తెరచి కాయలు పంపు రైతులును కలరు. కాని కొనువాడు గూగుల్‌లో వెదకినపుడు ఆ అంగడి కానరానిచో సరకు ఉండియు లేనట్లే.

పుటను మొదట చదువునది యంత్రము. “పెట్టె 5, 600” అని వ్రాసిన, ఏది తూకమో ఏది ధరయో మనము గ్రహింతుము, యంత్రము పొరబడవచ్చును. ఈ చిక్కు తీర్చుటకై 2011లో గూగుల్, బింగ్, యాహూ సంస్థలు కలసి స్కీమా.ఆర్గ్ అను ఉమ్మడి పదపట్టికను వెలువరించినవి. దాని ననుసరించి సరకు పేరు, బొమ్మ, ధర, నిలువ అనువానిని వేర్వేరు గడులలో నింపి, జేసన్-ఎల్‌డి రూపమున పుటలో చేర్చవలయును. ధర గడిలో అంకె మాత్రమే యుండవలెను. రూపాయిని తెలుపు ఐ.ఎన్.ఆర్. అను అక్షరములకు వేరొక గడి కలదు. బంగినపల్లి, బేనిషాన్ అను మారుపేర్లను పుటలోను వ్రాయుట మేలు.

సభ్యులకు మేము ముఖ్యముగా చెప్పునవి మూడు. చీటిలోని ధరయు పుటలోని ధరయు ఒక్కటిగా నుండవలయును. కాయ అయిపోయిన దినముననే నిలువ లేదని మార్చవలయును. ఎవరును చెప్పని మెప్పును చేర్చరాదు. అట్టి పుటకు గూగుల్ ధర, మెప్పు చూపు ప్రత్యేక ప్రదర్శనను నిలిపివేయగలదు.

చీటి సరిగా నున్నదో లేదో గూగుల్ వారి రిచ్ రిజల్ట్స్ టెస్ట్‌లో ఉచితముగా చూచుకొనవచ్చును. చీటి వలన మొదటి స్థానము తప్పక వచ్చునని రుసుము కోరువారిని నమ్మకుడు. యంత్రము పుటను మరల చదువుటకు కొన్ని దినములు పట్టును గనుక, కోతకు ముందే ఈ పని ముగించుకొనుడు.