కీళ్ళవాత నిర్ధారణలో రక్త పరీక్షల పాత్ర – నివేదికతో పాటు కీళ్ళ పరిశీలన తప్పనిసరి

(ప్రత్యేక వ్యాసం)

సింగరాయకొండ, ప్రకాశం జిల్లా: ప్రత్తి తీత, మిరప కోత వంటి పనులపై ఆధారపడిన గుంటూరు, ప్రకాశం మైదాన ప్రాంత వ్యవసాయ కూలీలకు చేతివేళ్ళే జీవనాధారం. కావున సింగరాయకొండ వంటి మండల కేంద్రాలలో కీళ్ళనొప్పులతో వచ్చేవారికి సకాలంలో వ్యాధి నిర్ధారణ జరగడం వైద్య విషయమే గాక, ఆ కుటుంబాల ఆదాయానికి సంబంధించిన విషయం కూడా. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌గా పిలిచే కీళ్ళవాతానికి తొలి నెలల్లోనే తగిన చికిత్స ప్రారంభిస్తే కీళ్ళు వంకరపోకుండా చాలావరకు కాపాడవచ్చు. అయితే రక్త పరీక్షలో 'పాజిటివ్' వచ్చినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లు, 'నెగటివ్' వచ్చినంత మాత్రాన లేనట్లు భావించడం సరికాదు.

ఏ పరీక్ష ఏమి తెలుపుతుంది?

* ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి.: ఇవి శరీరంలో వాపు ప్రక్రియ ఉన్నదని మాత్రమే తెలుపుతాయి, కారణాన్ని తెలుపవు. ఈ.ఎస్.ఆర్. రక్తహీనత, గర్భం, వయోభారం, అంటువ్యాధుల వల్ల కూడా పెరుగుతుంది. సి.ఆర్.పి. కొద్ది గంటల్లోనే పెరిగి, వాపు తగ్గితే కొద్ది రోజుల్లోనే తగ్గుతుంది.

* ఆర్.ఏ. ఫ్యాక్టర్: కీళ్ళవాతం గలవారిలో నూటికి 70 నుండి 80 మందిలో పాజిటివ్‌గా ఉంటుంది. క్షయ, హెపటైటిస్-సి వంటి వ్యాధులలోను, ఆరోగ్యవంతులైన కొందరు వృద్ధులలోను కూడా పాజిటివ్ రావచ్చు.

* యాంటీ సి.సి.పి.: 2000 సంవత్సరం తర్వాత విస్తృతంగా వాడుకలోకి వచ్చింది. ఇది పాజిటివ్ అయితే కీళ్ళవాతమనే అనుమానం మరింత బలపడుతుంది. నెగటివ్ అయినంత మాత్రాన వ్యాధిని కొట్టివేయరాదు.

* యూరిక్ యాసిడ్: గౌట్ నిర్ధారణలో ఉపకరిస్తుంది. నొప్పి తీవ్రంగా ఉన్న సమయంలో ఇది సాధారణ స్థాయిలోనే కనిపించవచ్చు.

* ఏ.ఎస్.ఓ.: ఇటీవల స్ట్రెప్టోకోకస్ క్రిములు సోకినట్లు తెలుపుతుంది. ప్రధానంగా పిల్లల్లో రుమాటిక్ జ్వరం అనుమానించినపుడు చేయవలసిన పరీక్ష ఇది. పెద్దల కీళ్ళనొప్పులకు దీనిని ఆధారంగా తీసుకొనరాదు.

మోకాళ్ళ అరుగుదలలో సాధారణంగా పై పరీక్షలన్నీ మామూలుగానే ఉంటాయి.

పది పాయింట్ల విధానం

2010లో అమెరికా, ఐరోపా కీళ్ళవ్యాధి నిపుణుల సంఘాలు సంయుక్తంగా రూపొందించిన ప్రమాణాలు ఈ విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. కనీసం ఒక కీలులో వాపు ఉండి, దానికి వేరే కారణం కనిపించని వారికి ఈ ప్రమాణాలు వర్తిస్తాయి. వ్యాధికి గురైన కీళ్ళ సంఖ్య, రకానికి గరిష్ఠంగా 5, ఆర్.ఏ. ఫ్యాక్టర్ లేదా యాంటీ సి.సి.పి.కి 3, ఈ.ఎస్.ఆర్. లేదా సి.ఆర్.పి.కి 1, ఆరు వారాలకు పైబడిన బాధకు 1 చొప్పున మొత్తం 10 పాయింట్లు. ఇందులో 6 లేదా అంతకు మించి వస్తే కీళ్ళవాతంగా పరిగణిస్తారు. రక్త పరీక్షలన్నీ కలిపినా 4 పాయింట్లకు మించవు. మరోవైపు, చిన్న కీళ్ళతో సహా పదికి మించిన కీళ్ళు ఆరు వారాలుగా బాధిస్తుంటే, రక్త పరీక్షలు నెగటివ్ అయినా 6 పాయింట్లు వస్తాయి.

స్థానికంగా గమనించవలసిన అంశాలు

2005 చివరలోను, 2006లోను రాష్ట్రంలో చికున్‌గున్యా విస్తృతంగా ప్రబలింది. ఈ జ్వరం తగ్గిన తరువాత కూడా కొందరిలో కీళ్ళనొప్పులు నెలల తరబడి కొనసాగుతాయి. కావున జ్వరం వచ్చిన వివరాలు అడిగి తెలుసుకోవడం, అవసరమైతే ఐ.జి.ఎం. పరీక్ష చేయించడం ముఖ్యం. అదేవిధంగా, 1937లో నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు గుర్తించి ప్రకటించారు. కనిగిరి, దర్శి వంటి పశ్చిమ మెట్ట ప్రాంతాలలో ఈ సమస్య చిరకాలంగా ఉన్నది. అక్కడి నుండి వచ్చేవారి నడుము, కీళ్ళ బిగుతుకు త్రాగునీటి, మూత్ర ఫ్లోరైడ్ పరీక్షలు, ఎక్స్‌రే అవసరం. వీరి విషయంలో ఆర్.ఏ. ఫ్యాక్టర్ ఒక్కటే చూసి మందులు ప్రారంభించడం తగదు.

చికిత్సలో పర్యవేక్షణ

చికిత్స ఫలితాన్ని అంచనా వేయడానికి ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. ఉపకరిస్తాయి. ఆర్.ఏ. ఫ్యాక్టర్‌ను పదే పదే చేయించవలసిన అవసరం లేదు. అంతకంటె ముఖ్యమైనవి మందుల భద్రతకు సంబంధించిన పరీక్షలు. కీళ్ళవాతానికి ప్రధానంగా వాడే మెథోట్రెక్సేట్ మాత్రను వారానికి ఒక్క రోజు మాత్రమే తీసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణాపాయం కలుగవచ్చు. కనుక మందుల చీటీపై వారం పేరు స్పష్టంగా వ్రాయాలి. ప్రారంభంలో రెండు నుండి నాలుగు వారాలకు, మోతాదు నిలకడైన పిదప సుమారు మూడు నెలలకు ఒకసారి సి.బి.పి., కాలేయ పరీక్ష, క్రియాటినిన్ చేయించాలి.

అర్హత లేని వ్యక్తులు ఇచ్చే సూదిమందులు, లేబుల్ లేని పొడులలో స్టీరాయిడ్లు ఉండే అవకాశం కలదు. వాటివల్ల నొప్పి, ఈ.ఎస్.ఆర్. రెండూ తగ్గి వ్యాధి నయమైనట్లు భ్రమ కలుగుతుంది గాని, లోపల కీళ్ళు దెబ్బతింటూనే ఉంటాయి.

ఉదయం నిద్ర లేచిన తరువాత అరగంటకు పైగా వేళ్ళు పట్టివేయడం, వేళ్ళ కణుపులు, మణికట్లు వాచి ఆరు వారాలు గడచినా తగ్గకపోవడం వంటి లక్షణాలు గలవారు సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారిని సంప్రదించాలి. వారి సలహాపై ఒంగోలులోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్ళవచ్చు. వెళ్ళేటప్పుడు పాత నివేదికలతో పాటు ఇంతవరకు వాడిన మందుల చీటీలను కూడా వెంట తీసుకువెళ్ళాలి. ఈ విషయాలను పత్రికలు, క్షేత్రస్థాయి సిబ్బంది ప్రజలలోకి విస్తృతంగా తీసుకువెళ్ళవలసిందిగా కోరడమైనది.