పంపు లేకయే పారు నీరు

పొయ్యిమీద ఎసరు పెట్టినప్పుడు అడుగున వేడెక్కిన నీరు పైకి లేచుటయు, పైనున్న చల్లని నీరు క్రిందికి దిగుటయు మన మెరిగినదే. ఈ చిన్న ధర్మము నాధారముగా చేసికొని దాదాపు కోటిన్నర మోటారు కార్లు నడచినవి. అమెరికాలో ఫోర్డు కంపెనీవారు 1908 నుండి 1927 వరకు తయారుచేసిన ‘మోడల్ టీ’ కార్లే అవి. మొదటి సుమారు 2,500 కార్లకు నీటి పంపు ఉండెను. తరువాత దానిని తీసివేసిరి. పంపు లేని ఆ యంత్రములో నీరెట్లు తిరుగునో ఈ ప్రసంగములో వివరింపదలచితిమి.

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో కొంత భాగమే చక్రములను త్రిప్పుటకు వినియోగపడును. మిగిలినదానిలో కొంత పొగగొట్టముగుండ బయటికి పోవును. కొంత సిలిండరు గోడలకు ఎక్కును. ఈ గోడల వేడిని ఎప్పటికప్పుడు తొలగింపనిచో కందెన నూనె పలుచబడి, పిస్టనులు ఉబ్బి, సిలిండరులలో బిగిసిపోవును. అందువలన నాలుగు సిలిండరుల చుట్టును నీరు నిలుచుటకు బోలు గదులు ఏర్పరచిరి. ఆ నీటిని చల్లార్చుటకు కారు ముందు భాగమున రేడియేటరు నమర్చిరి.

రేడియేటరులో పైన ఒక తొట్టి, క్రింద ఒక తొట్టి, వాటిని కలుపుచు నిలువుగా సన్నని గొట్టములు ఉండును. యంత్రములో కాగిన నీరు తేలికపడి, పైభాగమునుండి రబ్బరు గొట్టముద్వారా పై తొట్టిని చేరును. అచటినుండి సన్నని గొట్టములలో దిగుచు, ఎదురుగాలికిని, వెనుక తిరుగు పంకా గాలికిని చల్లబడి బరువెక్కును. క్రింది తొట్టినుండి మరియొక గొట్టముద్వారా యంత్రపు ప్రక్కభాగములో ప్రవేశించి మరల వేడెక్కును. ఇట్లు చక్రము పూర్తియగును.

దీనిని నడుపు శక్తి ఎంతటిది? 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో లీటరు నీరు 998 గ్రాములు తూగును; 80 డిగ్రీలలో 972 గ్రాములే. లీటరునకు 26 గ్రాముల తేడా! నడుచుచున్న కారులో పైనీటికిని క్రిందినీటికిని వేడిమిలో ఇంత వ్యత్యాసము కూడ ఉండదు. శక్తి ఇంత స్వల్పమగుటచేతనే గొట్టములు వెడల్పుగా నుండవలెను. దారి ఎచ్చటను మూసికొనరాదు. ఉప్పునీరు పోసి పోసి లోపల సున్నపు పెచ్చులు కట్టినచో ప్రవాహము మందగించును. అయినను ఈ పద్ధతిలో ఒక గొప్ప సుగుణము కలదు. యంత్రము ఎంత వేడెక్కిన నీరంత త్వరగా తిరుగును; చల్లగా నున్నప్పుడు కదలక ఊరకుండును.

కాని ఒక్క నియమము తప్పరాదు. నీటిమట్టము పై గొట్టపు నోటికన్న దిగువకు పడిపోయినచో చక్రము తెగును. యంత్రములో ఇంకను లీటర్లకొలది నీరున్నను అది రేడియేటరును చేరలేదు, ఉన్నచోటనే మరగిపోవును. కావున ఇట్టి కారును బయటికి తీయుటకు ముందు నీటిమట్టమును చూచుట తప్పనిసరి. పంకా పట్టీ వదులైనను, నిప్పురవ్వ ఆలస్యముగా పడునట్లు మీటను ఉంచి నడపినను వేడి మితిమీరును.

నీరు ఇంకిపోయి యంత్రము కాలుచున్నప్పుడు తొందరపడి చన్నీరు పోయరాదు. కాలిన పోత ఇనుము ఒక్కసారిగా ముడుచుకొని బీటవారును. యంత్రము నాపి, చల్లారిన పిదపనే మెల్లగా పోయవలెను. మోడల్ టీ రేడియేటరు మూతక్రింద ఒత్తిడి నిలువదు. పొంగిన నీరు పోవుటకు వేరొక గొట్టము కలదు. తరువాతి కాలపు కార్లలో మూతయే ఒత్తిడిని బిగబట్టి, నీరు 100 డిగ్రీలు దాటినను మరగకుండ చేయును. వేడిమీద అట్టి మూత తీసినచో నీరు ఒక్కసారిగా ఆవిరియై పైకెగసి ముఖమును, చేతులను కాల్చును.

1927 చివర వెలువడిన ‘మోడల్ ఏ’ కారులో ఫోర్డువారే పంపును మరల చేర్చిరి. యంత్రబలము పెరిగినకొలది ఆ స్వల్పశక్తి చాలదయ్యెను. అయినను పాత కార్లను భద్రపరచుకొనువారి ఇండ్లలో మోడల్ టీలు నేటికిని నడుచుచున్నవి. వాటి యోగక్షేమము నీటిమట్టమును మరువని యజమానిపైననే ఆధారపడియున్నది.