శీర్షికలోని సొగసు, చదువరి కన్ను



పెండ్లి శుభలేఖపై వధూవరుల పేళ్లు తీర్చిన అక్షరములను చూడుడు. గీత కొడవలి నడుమవలె ఒకచోట వెడల్పుగను, దాని మొనవలె మఱియొకచోట సన్నముగను ఉండును. ఈ లావు సన్నముల పొందికయే వాని సొగసు. అట్టి అక్షరములు ఎచ్చట తగును, ఎచ్చట తగవు అనునదే నేటి ప్రసంగవిషయము.

ఈ రీతి ఐరోపాలో పెరిగినది. అచ్చటి లేఖకులు చెక్కిన ఈకకలముతో వ్రాయుచుండిరి. కలపుపాళీ ఒక దిక్కున లావుగను, మఱియొక దిక్కున సన్నముగను గీయును. ఇంగ్లాండులోని బర్మింగ్‌హామున జాన్ బాస్కర్విల్ అను నాతడు నున్నని కాగితమును, చిక్కని సిరాను సమకూర్చి 1757లో వర్జిల్ కావ్యములను అచ్చు వేసెను. పిమ్మట పారిసున దీదో, ఇటలీలోని పార్మాయందు బొదోని (1740-1813) సన్నగీతను వెండ్రుకంత చేసిరి. కాగితము నున్నబడినందుననే ఆ సొగసు నిలిచినది.

మన అక్షరముల నడక వేఱు. జటప్రోలు సంస్థానమునకు రాజధానిగా నుండిన కొల్లాపూర్ సీమయందును, తక్కిన తెలుగునేలయందును పూర్వులు తాటియాకుపై గంటముతో వ్రాసిరి. గంటపుమొన ఎటు త్రిప్పినను గీత ఒకే తీరున పడును. కావున మన లిపికి ప్రాణము గుండ్రదనము. లావు సన్నములు కలముతోను, అచ్చుతోను వచ్చిన నగలు.

నగలు వలదనుట లేదు. కాని అవి అర్థమును మ్రింగరాదు. తెలుగున చిన్నగుర్తు పెద్దపని చేయును. ‘కథ’లోని చుక్క మాసిన ‘కద’ యగును. ‘ఫలము’లోని క్రిందిగీత పోయిన ‘పలము’ అను తూనిక యగును. ముతకకాగితముపై చిన్న అక్షరములలో వెండ్రుకగీతలు వేసినచో ముందుగా చెడునవి ఈ గుర్తులే. అంతట పెద్దలు చదువలేక, లోపము తమ కన్నులదని సిగ్గుపడి, కాగితమును మనుమల చేతికిత్తురు. పలుమాఱు లోపము కన్నుది కాదు, అక్షరమును ఎంచినవానిది. వేలము ప్రకటనలోనో, పంచాయతీ నోటీసులోనో ఇట్లు జరిగినచో నష్టము సొగసునకు కాదు, మనిషి హక్కునకే.

నేడు సీసపు టైపు పోయి కంప్యూటరు అక్షరములు వచ్చినవి. సిలికానాంధ్ర సంస్థవారు పలు తెలుగు ఫాంటులను ఎల్లరకు ఉచితముగా నొసగిరి. పూర్వపు మహబూబునగరు జిల్లాలో పుట్టి, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డిగారి పేర వెలసినది వానిలో ఒకటి. కావున ముద్రాపకునకు అక్షరరూపమును మార్చుట కష్టము కాదు. మనము అడుగుటయే తరువాయి.

అచ్చునకు ముందు ఒక ప్రతిని తెప్పించుకొనుడు. దానిని చేయి చాచి, సాయంకాలపు వెలుతురున చూడుడు. చుక్కలు, ఒత్తులు, తిథి, ముహూర్తము తెల్లముగా కనబడవలయును. పెద్దశీర్షికకు సన్నగీతల సొగసు ఉండనిండు. క్రింది విషయమునకు నిబ్బరమైన గీతగల అక్షరమును కోరుడు. చదువబడుటయే అక్షరమునకు తొలి అందము.