ప్రైవేటు గోడలపై ఎన్నికల ప్రచారం: యజమాని స్వచ్ఛంద సమ్మతే ప్రధానం

కర్నూలు, కడప: ఈ ప్రాంత గ్రామాలలో ఇంటి గోడపై కనిపించే పార్టీ గుర్తును ఆ ఇంటివారి రాజకీయ అభిప్రాయంగానే ఊరివారు భావించడం పరిపాటి. యజమాని ఇష్టానికి విరుద్ధంగా వ్రాసిన గోడరాత వలన సున్నం చెడిపోవడమే గాక, ఆ కుటుంబంపై ఒక వర్గం ముద్ర కూడా పడుతుంది. ఇందుకు సంబంధించి లోక్‌సభ, శాసనసభ ఎన్నికలలో వర్తించే నిబంధనలు ఇలా ఉన్నాయి.

ఎన్నికల ప్రవర్తనా నియమావళి ప్రకారం, యజమాని అనుమతి లేకుండా ఎవరి స్థలం, భవనం, ప్రహరీ గోడలపైనా జెండా కర్రలు పాతడం, బ్యానర్లు కట్టడం, పోస్టర్లు అతికించడం, నినాదాలు వ్రాయడం చేయరాదు. తమ అనుచరులు ఈ నిబంధనను అతిక్రమించకుండా చూడవలసిన బాధ్యత పార్టీలదీ, అభ్యర్థులదీ.

అయితే యజమాని అనుమతి ఒక్కటే చాలదు. స్థానిక చట్టం గోడరాతలను, పోస్టర్లను అనుమతించనిచోట యజమాని అంగీకరించినా అవి చెల్లవు. బహిరంగ ప్రదేశాలను వికృతపరచడాన్ని నివారించేందుకు రాష్ట్రంలో 1997లో ప్రత్యేక చట్టం చేయబడింది. చట్టం అనుమతించినచోట అభ్యర్థి యజమాని నుండి లిఖితపూర్వక అనుమతి పొంది, దాని ప్రతిని యజమాని పేరు, చిరునామా, ఖర్చు వివరాలతో సహా 3 రోజులలోగా రిటర్నింగ్ అధికారికి అందజేయాలి. ఒత్తిడితోగాని, బెదిరింపుతోగాని పొందిన సమ్మతి స్వచ్ఛంద సమ్మతి కాజాలదు.

సొంత ఇంటిపై జెండాలు, బ్యానర్లు స్వచ్ఛందంగా, ఇతరులకు అసౌకర్యం కలుగకుండా కట్టుకోవచ్చు. కానీ ఒక నిర్దిష్ట అభ్యర్థికి ఓటు వేయమని కోరుతూ, ఆ అభ్యర్థి లిఖితపూర్వక అధికారం లేకుండా ఖర్చు చేయడం నేరం. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ క్రింద ఇందుకు రూ.10,000 వరకు జరిమానా విధించవచ్చు.

పోస్టర్లపై ముద్రాపకుని, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు తప్పనిసరిగా ఉండాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 127-ఎ సెక్షన్ ప్రకారం ఉల్లంఘనకు 6 నెలల వరకు జైలు, రూ.2,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

ఎన్నికల ప్రకటన వెలువడిన తరువాత ప్రభుత్వ కార్యాలయాలు, ఆవరణల నుండి 24 గంటలలో, బహిరంగ స్థలాల నుండి 48 గంటలలో, ప్రైవేటు ఆస్తులపై అనుమతి లేనివాటిని 72 గంటలలో తొలగించాలి. ఎన్నికల సంఘం 2018లో ప్రవేశపెట్టిన సి-విజిల్ యాప్ ద్వారా ఫోటో లేదా వీడియోతో ఫిర్యాదు చేయవచ్చు. వచ్చిన ఫిర్యాదుపై 100 నిమిషాలలో చర్య తీసుకోవాలన్నది దాని లక్ష్యం. ఫిర్యాదుదారుడు తన పేరు తెలుపనవసరం లేదు. ఊరిలో వర్గాలకు వెరచి నోరు విప్పలేని గృహస్థులకు ఇది ఎంతైనా ఉపయోగకరం.