పాత కంప్యూటరుకు కొత్త ఊపిరి

పూర్వం ఇంట్లో రేడియో మూగబోతే బజారులోని మెకానిక్కు ఇచ్చేవారు. అతను వెనక మూత విప్పి, చెడిపోయిన భాగమేదో కనిపెట్టి, దాని స్థానంలో కొత్తది పెట్టి టంకం వేసేవాడు. రేడియో మళ్ళీ పాడేది. మరి నలభై ఏళ్ళ నాటి కంప్యూటరు మూగబోతే? దాన్ని తయారుచేసిన కంపెనీ ఇప్పుడు ఉండకపోవచ్చు. దాని విడిభాగాలు మామూలు దుకాణాల్లో దొరకవు. అయినా అటువంటి యంత్రాలను వెతికి తెచ్చుకుని, బాగుచేసి, మళ్ళీ పనిచేయించడమే సరదాగా పెట్టుకున్నవారు అనేక దేశాల్లో ఉన్నారు. వారి బల్ల మీదికి తరచుగా వచ్చే ఒక యంత్రం కథ ఇప్పుడు చెప్పుకుందాం. దాని పేరు బీబీసీ మైక్రో.

బడికి వచ్చిన కంప్యూటరు

1980ల మొదట్లో బ్రిటన్ ప్రసార సంస్థ బీబీసీ, ప్రజలకు కంప్యూటరు గురించి నేర్పడానికి టెలివిజన్ పాఠాలు తలపెట్టింది. పాఠం వింటే చాలదు కదా, చేసి చూడటానికి యంత్రం కావాలి. కేంబ్రిడ్జిలోని ఏకార్న్ అనే కంపెనీ ఆ యంత్రాన్ని తయారుచేసింది. 1981 డిసెంబరులో అది విడుదలయింది. మీగడ రంగు పెట్టె, నల్లటి మీటలు, పైన ఒక వరుస ఎర్రటి మీటలు. 'ఏ' రకంలో 16 కిలోబైట్ల మెమరీ, 'బి' రకంలో 32 కిలోబైట్లు. ఈనాటి ఫోనుతో తీసిన ఒక్క ఫొటో 3 మెగాబైట్లు ఉందనుకోండి. దాన్ని దాచుకోవాలంటే 'బి' రకం యంత్రాలు దాదాపు వంద కావాలి!

ఈ యంత్రంతో మన దేశానికీ సంబంధం ఉంది. 1984లో భారత ప్రభుత్వం బడిపిల్లలకు కంప్యూటరు నేర్పడానికి 'క్లాస్' అనే పథకం ప్రారంభించి, మొదట 250 పాఠశాలలను ఎంచుకుంది. ఆ పాఠశాలలకు వచ్చినవి బీబీసీ మైక్రోలే.

ఠప్పుమంటూ పొగ

చాలాకాలం మూలనపడి ఉన్న బీబీసీ మైక్రోకు విద్యుత్తు ఇస్తే, కాసేపు బాగానే పనిచేసి, ఉన్నట్టుండి ఠప్పుమని చప్పుడు చేస్తూ ఘాటైన పొగ కక్కవచ్చు. ఎందుకిలా?

లోపల విద్యుత్తు సరఫరా చేసే డబ్బాలో పసుపుపచ్చని కెపాసిటర్లు కొన్ని ఉంటాయి. కంప్యూటరు పుట్టించే విద్యుత్ రొద ఇంటి తీగల్లోకి పాకకుండా ఆపడం వాటి పని. ఇవి లోహపు పూత పూసిన కాగితంతో చేసినవి. కాగితం చుట్టూ గట్టి రెజిన్ తొడుగు ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తొడుగు మీద సన్నని పగుళ్ళు పడతాయి. పగుళ్ళగుండా గాలిలోని తేమ లోపలికి పోతుంది. కాగితం దాన్ని పీల్చుకుంటుంది. తడిసిన కాగితం విద్యుత్తును సరిగా ఆపలేదు. విద్యుత్తు కారుతుంది, వేడి పుడుతుంది, చివరకు పొగ వస్తుంది.

విచిత్రమేమంటే, పొగ వచ్చాక కూడా కంప్యూటరు చాలాసార్లు పనిచేస్తూనే ఉంటుంది. రొదను ఆపే భాగం పోయింది గాని, అసలు యంత్రానికి దెబ్బ తగలలేదన్నమాట. అందుకే అనుభవజ్ఞులు పాత యంత్రం చేతికి రాగానే మీట నొక్కరు. ముందు ఈ కెపాసిటర్లను మార్చి, ఆ తర్వాతే విద్యుత్తు ఇస్తారు.

కూత చెప్పే గుట్టు

ఆరోగ్యంగా ఉన్న బీబీసీ మైక్రో మీట నొక్కగానే రెండు స్వరాలు పలుకుతుంది. మొదట మందంగా ఒక కూత, వెంటనే సన్నగా 'బీప్' అని ఇంకొకటి. ఇందులో ఒక గుట్టు ఉంది. మొదటి కూత, విద్యుత్తు అందగానే ధ్వని చిప్పు తనంతట తాను చేసేది. ప్రాసెసర్ మేలుకుని, ప్రోగ్రాము చదివి, ఆ కూతను ఆపి, 'నేను సిద్ధం' అన్నట్టు రెండవ స్వరం పలికిస్తుంది.

మొదటి కూత ఆగకుండా మోగుతూనే ఉందంటే? ప్రాసెసర్ మేలుకోలేదన్నమాట. విద్యుత్తు చేరుతోంది గాని, లోపం ప్రాసెసర్ వైపో, ప్రోగ్రాము ఉన్న చిప్పు వైపో ఉండవచ్చు. వైద్యుడు దగ్గు విని రోగం ఊహించినట్లు, మరమ్మతు చేసేవారు ఈ కూత విని ఎక్కడ వెతకాలో తెలుసుకుంటారు. ఒక్కోసారి రోగం చాలా చిన్నది. సాకెట్టులోని చిప్పు కాళ్ళకు చిలుము పడుతుంది. చిప్పును మెల్లగా ఊడదీసి, తుడిచి, మళ్ళీ పెడితే చాలు, యంత్రం లేచి కూర్చుంటుంది.

ఏ చిప్పు తప్పు?

'బి' రకంలో 16 మెమరీ చిప్పులు, ఎనిమిదేసి చొప్పున రెండు జట్లుగా ఉంటాయి. ఒక అక్షరానికి ఒక బైటు, అంటే ఎనిమిది బిట్లు. జట్టులోని ఒక్కో చిప్పు ఒక్కో బిట్టును దాస్తుంది. ఆ బిట్ల విలువలు 128, 64, 32, 16, 8, 4, 2, 1. ఇప్పుడు '2' విలువ గల బిట్టును దాచే చిప్పు చెడి, ఎప్పుడూ 1 అనే చూపుతోందనుకోండి. ఏమవుతుంది?

ఇంగ్లీషులో పిల్లికి రాసే మూడక్షరాలు సి, ఏ, టి తీసుకోండి. వాటి సంకేతాలు 67, 65, 84. 67 అంటే 64+2+1. ఇందులో 2 ముందే ఉంది కనుక మారదు. 65 అంటే 64+1. దానికి 2 చేరి 67 అవుతుంది. అంటే 'ఏ' కాస్తా 'సి' అయింది. 84 అంటే 64+16+4. 2 చేరితే 86, అది 'వి' సంకేతం. తెర మీద పిల్లికి బదులు 'సిసివి' కనిపిస్తుంది! తప్పు ఎక్కడెక్కడ పడిందో కాగితం మీద రాసుకుని చూస్తే, తేడా ప్రతిసారీ 2 అని తెలుస్తుంది. పదహారు చిప్పులూ పీకనక్కరలేదు. దోషి ఎవరో లెక్కే చెప్పింది.

తాతకు మనవడి సాయం

బాగుచేయడంతో ఈ సరదా ఆగదు. 'ఏ' రకానికి మరో ఎనిమిది మెమరీ చిప్పులు చేరిస్తే, తెర మీద 16 స్థానంలో 32 కనిపిస్తుంది. అరిగిపోయిన ఫ్లాపీ డ్రైవు బదులు చిన్న మెమరీ కార్డు తగిలిస్తే, వందలాది పాత డిస్కులు గోరంత కార్డులో ఇముడుతాయి.

ఇంకో ముచ్చట ఉంది. ఈ యంత్రానికి 'ట్యూబ్' అనే ద్వారం ఉంది. దాని ద్వారా రెండవ ప్రాసెసర్ తగిలించవచ్చు. ఏకార్న్‌లోని సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ ఒక కొత్త ప్రాసెసర్ రూపొందించి, 1985 ఏప్రిల్ 26న దాన్ని మొదటిసారి నడిపినప్పుడు సాయంగా నిలిచింది బీబీసీ మైక్రోనే. ఆ కొత్త ప్రాసెసర్ పేరు ఆర్మ్. ఈనాడు దాదాపు ప్రతి మొబైల్ ఫోనులోనూ ఉన్నది ఆ వంశమే! 2012లో కేంబ్రిడ్జిలోనే పుట్టిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరులోనూ అదే ఉంది. ఇప్పుడు అభిరుచిగలవారు ఆ చిన్న కంప్యూటరును పాత యంత్రపు ట్యూబ్ ద్వారానికి కలుపుతున్నారు. పాతది 5 వోల్టులతో మాట్లాడుతుంది, కొత్తది 3.3 వోల్టులతో. మధ్య ఒక దుబాసీ చిప్పు పెడితే మనవడు తాతకు చేయూతనిస్తాడు.

ఎందుకీ శ్రమ?

సరదాకే కాదు. 1086లో ఇంగ్లండు రాజు విలియం తన రాజ్యంలోని భూములన్నీ లెక్క రాయించాడు. ఆ గ్రంథమే డూమ్స్‌డే పుస్తకం. దానికి 900 ఏళ్ళు నిండిన సందర్భంగా, 1986లో బీబీసీ కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. పది లక్షలమందికి పైగా అందులో పాల్గొన్నారు. వారిలో బడిపిల్లలే ఎక్కువ. తమ ఊరు ఎలా ఉంటుందో, తమ రోజు ఎలా గడుస్తుందో రాసి పంపారు. అదంతా లేజర్ డిస్కులలోకి ఎక్కింది. వాటిని చదవటానికి బీబీసీ మైక్రో తరువాత వచ్చిన మాస్టర్ కంప్యూటరు, ఒక ప్రత్యేకమైన డిస్కు యంత్రం కావాలి.

పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ యంత్రాలు అరుదైపోయాయి. 900 ఏళ్ళ నాటి తోలు పుటలను ఇవాళ కూడా చదవవచ్చు. పదిహేనేళ్ళ నాటి డిస్కులను చదవటమే కష్టమయింది! అదృష్టవశాత్తూ పనిచేసే యంత్రాలు కొన్ని మిగిలి ఉండటంతో, పరిశోధకులు ఆ సమాచారాన్ని బయటికి తీయగలిగారు. ఆ యంత్రాలు కూడా పాత సామాన్ల బండికెక్కి ఉంటే, ఆ పిల్లలు రాసినదంతా డిస్కులలోనే సమాధి అయ్యేది.

ఒక హెచ్చరిక. ఇటువంటి యంత్రాల విద్యుత్ సరఫరా డబ్బాను మీరు ఎన్నడూ విప్పకండి. 230 వోల్టుల విద్యుత్తుతో లోపలి కెపాసిటరులో 325 వోల్టుల వరకు నిలువ ఉండవచ్చు. ప్లగ్గు తీసినా అది వెంటనే పోదు. ఆ పని తెలిసిన పెద్దలది.

మీరు చేయగలది మరొకటుంది. మీ ఇంట్లోనో, బడిలోనో పాత క్యాసెట్లు, ఫ్లాపీలు, పాత ఫోన్లు మూలన పడి ఉన్నాయేమో చూడండి. వాటిలో ఏమున్నదో పెద్దలను అడిగి ఒక కాగితం మీద రాసిపెట్టండి. వాటిని చదవగల యంత్రం ఎక్కడుందో కూడా ఇప్పుడే విచారించండి. ఇంకొన్నేళ్ళు ఆగితే ఆ యంత్రం దొరక్కపోవచ్చు.